లేయర్ స్టైల్ నొక్కే ముందు ఒక్కసారి చేత్తో బెవెల్ చేసి చూడండి

టెక్స్ట్ ఎఫెక్ట్స్ నేర్చుకుంటున్నామని ఎవరైనా అంటే నేను చెప్పేది ఒకటే. దించుకున్న స్టైల్ ప్యాకులన్నీ కొన్నాళ్లు పక్కన పెట్టెయ్యండి, ఫోటోషాప్ లో ఇలాంటి ఎఫెక్ట్స్ ఒక్క టిక్కుతో పెట్టే లేయర్ స్టైల్ డైలాగ్ కూడా తెరవకండి, ఒక్క బెవెల్ (అంచుని వాలుగా చేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా చూపించేది), ఒక్క నీడ, ఉత్త బ్లర్ తో (మసకబెట్టడం) మాస్క్ తో (కావాల్సిన భాగమే కనపడేలా కప్పడం) మీ చేత్తో మీరే తయారు చెయ్యండి. మహా అయితే ఒక సాయంత్రం పడుతుంది. ఆ తర్వాత హాయిగా లేయర్ స్టైల్స్ వాడుకోండి, నేనూ రోజూ వాడతాను, వాటితో నాకేం గొడవ లేదు. కానీ ఆ ఒక్క సాయంత్రం కూర్చున్నవాళ్ల పని వేరేగా ఉంటుంది, అక్షరాన్ని చూడగానే తెలిసిపోతుంది. ఎందుకలా అంటానో కాస్త పొడుగ్గానే రాస్తాను, ఎందుకంటే దీని గురించి దొరికే పాఠాల్లో ఎక్కువ శాతం ఈ స్లైడర్ ఇంతకి పెట్టండి ఆ స్లైడర్ అంతకి పెట్టండి అని చెప్పి వదిలేస్తాయి, ఆ నంబర్ అంతే ఎందుకు అనేది మాత్రం చెప్పవు.

ముందు రెడీమేడ్ స్టైల్ తో వచ్చే చిక్కు చూద్దాం. ఎవరో 400 పిక్సెల్స్ ఎత్తున్న అక్షరం మీద కూర్చుని బంగారం స్టైల్ చేశారు, బెవెల్ సైజు 20, స్ట్రోక్ (అంచు చుట్టూ గీత) 6, నీడ దూరం 15. మనం దాన్ని దించుకుని 80 పిక్సెల్స్ అక్షరం మీద నొక్కుతాం. ఆ 20, 6, 15 అలాగే ఉంటాయి, ఎందుకంటే లేయర్ స్టైల్ కి తెలిసింది పిక్సెల్స్ మాత్రమే, అక్షరం ఎంత లావుందో దానికి తెలియదు. దాంతో బెవెల్ గీత మధ్యదాకా వచ్చి రెండు వైపులా ఢీకొంటుంది, స్ట్రోక్ లోపలి ఖాళీలని మింగేస్తుంది, మొత్తం ముద్దయిపోతుంది. స్టైల్ బాలేదు అనుకుని ఇంకో ప్యాక్ కోసం వెతుకుతాం. నిజానికి ఫోటోషాప్ లో లేయర్ ఎఫెక్ట్స్ మీద రైట్ క్లిక్ చేస్తే స్కేల్ ఎఫెక్ట్స్ అని ఉంటుంది, అక్కడ 20 శాతం అని కొడితే అదే స్టైల్ చక్కగా కూర్చుంటుంది. అది చాలామందికి ఎందుకు తెలియదంటే, స్టైల్ అంటే లోపల ఏముందో తెలియని డబ్బా అనే చూపు మొదటిరోజు నుంచే అలవాటవుతుంది.

ఈ డబ్బా మొదట్లో లేనేలేదు. ఫోటోషాప్ 1990లో వచ్చింది, లేయర్లు 1994లో 3.0 తో వచ్చాయి, ఈ రోజు మనం ఒక్క టిక్కుతో పెట్టే షాడో, గ్లో, బెవెల్ లాంటివి 1998లో 5.0 తో గానీ రాలేదు. మరి అంతకుముందు ఎఫెక్ట్స్ లేవా అంటే బోలెడన్ని ఉన్నాయి, అప్పట్లో జనం ఛానెల్స్ తో, అంటే ఫైల్ లోపలి నలుపు తెలుపు పొరలతో చేసేవాళ్లు. అక్షరాన్ని నల్ల ఛానెల్ లో తెల్లగా పెట్టి, దాన్ని కాపీ చేసి, బ్లర్ చేసి, కాస్త పక్కకి జరిపి, ఒకదాన్నుంచి ఇంకోటి తీసేసి, వచ్చిన దాన్ని సెలక్షన్ గా వాడి రంగు నింపేవాళ్లు. కై క్రౌజ్ అనే ఆయన 90ల మొదట్లో ఈ ఛానెల్ లెక్కల మీద ఆన్‌లైన్ లో వరసగా చిట్కాలు రాసేవాడు, ఒక తరం డిజైనర్లు వాటితోనే నేర్చుకున్నారు. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనను, గంట పని నిమిషంలో అయిపోతే మంచిదే. కానీ ఆ లెక్కే ఇవాళ్టి టిక్కు వెనక నడుస్తోంది, ఒక్కసారి దాన్ని విప్పి చూడకపోతే స్లైడర్ల మీద గుడ్డిగా చెయ్యి ఆడించడమే మిగులుతుంది.

విప్పి చూద్దాం. కొత్త ఛానెల్ తెరవండి, నేపథ్యం నలుపు, దాని మీద తెల్ల అక్షరం, కాస్త లావు ఫాంటే తీసుకోండి. ఈ ఛానెల్ కి ఒక కాపీ పెట్టుకోండి, అసలుది ముట్టుకోకండి. కాపీకి గాసియన్ బ్లర్ 5 పిక్సెల్స్ ఇవ్వండి. ఇప్పుడు అంచు దగ్గర తెలుపు నుంచి నలుపుకి ఒక వాలు ఏర్పడింది, అంటే ఇది ఒక ఎత్తుల మ్యాప్ అన్నమాట, తెలుపు ఎత్తు, నలుపు పల్లం. దీని మీద ఎంబాస్ ఫిల్టర్ వెయ్యండి, కోణం 135 చుట్టుపక్కల, ఎత్తు 3 అలా. మొత్తం మధ్యరకం బూడిద రంగుకి వచ్చేస్తుంది, వెలుగు వైపు అంచులు తెల్లగా, అవతలి వైపువి నల్లగా మిగులుతాయి. దీన్ని మామూలు లేయర్ గా తెచ్చి, అసలు ఛానెల్ ని సెలక్షన్ గా పిలిచి మాస్క్ చేసి, కింద రంగు నింపిన అక్షరం పెట్టి, పైదాని బ్లెండ్ మోడ్ (కింది లేయర్ తో కలిసే పద్ధతి) హార్డ్ లైట్ చెయ్యండి. హార్డ్ లైట్ కి 50 శాతం బూడిద అంటే లెక్కలో లేనట్టే, కాబట్టి బూడిద మాయమైపోయి వెలుగూ చీకటీ మాత్రం అక్షరం మీద నిలుస్తాయి. బెవెల్ అయిపోయింది. ఉచితంగా దొరికే గింప్ అనే ప్రోగ్రాంలో కూడా ఎంబాస్ ఉంది, దానికంటే మంచి బంప్ మ్యాప్ ఫిల్టర్ ఉంది, దానికైతే ఎత్తుల మ్యాప్ ని నేరుగా ఇచ్చెయ్యొచ్చు.

ఇది చేసినవాళ్లకి ఆ డైలాగ్ లోని పేర్లు ఇక మంత్రాల్లా కనిపించవు. సైజు అంటే ఆ వాలు ఎంత వెడల్పు, సాఫ్టెన్ అంటే నీడలు పడ్డాక వాటిని ఎంత మసకబెట్టాలి, డెప్త్ అంటే వాలు ఎంత నిటారు, ఆల్టిట్యూడ్ అంటే దీపం ఎంత పైన ఉంది. మిగతావి కూడా అదే సరుకు. డ్రాప్ షాడో అంటే అక్షరం కాపీని జరిపి మసకబెట్టి మల్టిప్లై లో (కిందిదాన్ని ముదురు చేసే మోడ్) కింద పెట్టడం. అవుటర్ గ్లో అంటే జరపకుండా మసకబెట్టి స్క్రీన్ లో (కిందిదాన్ని వెలిగించే మోడ్) పెట్టడం. ఇన్నర్ షాడో అంటే అక్షరాన్ని తిరగేసి, అంటే అక్షరం కానిదాన్ని తీసుకుని, జరిపి మసకబెట్టి అక్షరం లోపలే కనపడేలా కత్తిరించడం. శాటిన్ అని ఒకటుంది కదా, ఎవరికీ అర్థం కానిది, అది కూడా అక్షరం కాపీలు రెండింటిని ఎదురెదురు దిక్కులకి జరిపి మసకబెట్టి తేడా తీస్తే వచ్చే అలల నమూనానే. మొత్తం పది ఎఫెక్ట్స్ ఉన్నాయి ఆ డైలాగ్ లో, రంగూ గ్రేడియంటూ ప్యాటర్నూ నింపే మూడూ, స్ట్రోకూ తీసేస్తే మిగిలినవన్నీ ఆకారాన్ని జరపడం, మసకబెట్టడం, కత్తిరించడం, కలపడం అనే నాలుగు పనులతోనే నడుస్తాయి. నాకు ఇది ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

ఇక వెలుగు సంగతి, నా లెక్కలో ఎఫెక్ట్ నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. ఎత్తుగా ఉన్న అక్షరం ఒకటి చేసి, ఆ బొమ్మని 180 డిగ్రీలు తిప్పండి. ఉబ్బుగా ఉన్నది గుంటలా కనిపిస్తుంది. పిక్సెల్స్ ఏమీ మారలేదు, కానీ మన మెదడు వెలుగు పైనుంచే వస్తుందని ముందే అనుకుని చూస్తుంది, అందుకే చంద్రుడి మీది గుంటల ఫోటోలు తలకిందులు చేస్తే గుట్టల్లా కనపడతాయి. కాబట్టి దీపాన్ని కింద పెట్టి ఉబ్బెత్తు అక్షరం చేద్దామనుకుంటే చూసేవాడి కళ్లతో పోట్లాడుతున్నట్టే. ఫోటోషాప్ లో యూజ్ గ్లోబల్ లైట్ అనే టిక్కు ఉండేది అన్ని ఎఫెక్ట్స్ కీ ఒకే దీపం ఉండాలనే, అది తీసేసి బెవెల్ కి ఒక కోణం, నీడకి ఇంకో కోణం పెట్టుకుంటే అక్షరం ఎందుకో తేడాగా ఉంటుంది, చూసేవాళ్లు ఎందుకో చెప్పలేరు, బాలేదు అని మాత్రం అంటారు. ఇంకా ముఖ్యం ఏంటంటే ఫోటో మీద అక్షరం పెడుతుంటే ఆ దీపం కోణం మీ ఇష్టం కాదు, ఫోటోలో మనుషుల ముక్కు నీడ ఎటు పడిందో, గోడ అంచు ఎటు మెరుస్తుందో చూసి అదే కోణం పెట్టాలి. ఈ ఒక్క పని చేస్తే సగం ఫేక్ లుక్ పోతుంది.

నీడ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో నీడ డిఫాల్ట్ గా నలుపు, 75 శాతం ఒపాసిటీ, 120 డిగ్రీలు వచ్చేది, కొన్నేళ్లపాటు ఎక్కడ చూసినా అదే నీడ కనిపించింది. నిజం నీడ అలా ఒకే మోతాదులో ఉండదు. వస్తువు నేలకి తగిలే చోట సన్నగా, ముదురుగా, అంచు పదునుగా ఉంటుంది, దూరం వెళ్లే కొద్దీ వెడల్పయ్యి పలచబడుతుంది. ఒకే డ్రాప్ షాడో తో ఇది రాదు, అందుకే రెండు వెయ్యాలి, ఒకటి దూరం 2 సైజు 2 తో ముదురుగా, ఇంకోటి దూరం 18 సైజు 30 తో లేతగా. 2015 వెర్షన్ నుంచి ఒకే లేయర్ కి ఒకే రకం ఎఫెక్ట్ ఒకటికంటే ఎక్కువ పెట్టుకునే వీలుంది, డ్రాప్ షాడో పక్కన ప్లస్ గుర్తు ఉంటుంది చూడండి. రంగు కూడా, నలుపు వద్దు. నేపథ్యం ఇటుక రంగయితే ముదురు గోధుమ తీసుకోండి, నీలమయితే ముదురు నీలం. నీడ పడినచోట కూడా ఆ గోడ రంగు ఉంటుంది కదా, అది చీకటి పడిన గోడే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తేలికగా కొట్టిపారేసేది కాదు. ఇవన్నీ పాతబడిపోయాయి, ఇప్పుడంతా ఫ్లాట్ కదా, అక్షరాన్ని అక్షరంలా వదిలెయ్యొచ్చు కదా అని. 2012లో విండోస్ 8, 2013లో ఐఓఎస్ 7 వచ్చాక మెరుపులూ బెవెల్స్ ఇంటర్ఫేస్ లోంచి వెళ్లిపోయిన మాట నిజం, బటన్ల మీదా మెనూల మీదా అది సరైన పనే అని నేనూ ఒప్పుకుంటాను, రోజుకి వందసార్లు చూసే చోట అలంకారం అడ్డం. కానీ టైటిల్, పోస్టర్, కవర్, ఆట పేరు, ఆల్బమ్ పేరు, ఇవి వేరే జాతి. అక్షరానికి వెలుగు నీడలు అద్దడం కంప్యూటర్ తెచ్చిన జబ్బేం కాదు. రోమ్ లో క్రీ.శ. 113 నాటి ట్రేజన్ స్తంభం కింద రాతిలో చెక్కిన అక్షరాలు వీ ఆకారంలో లోపలికి తొలిచినవి, ఎండ పడ్డప్పుడు గీతకి ఒక గోడ వెలిగి ఇంకో గోడ చీకటవుతుంది, చదవగలిగేది దానివల్లే. ఫోటోషాప్ బెవెల్ లో టెక్నిక్ ని చిజిల్ హార్డ్ చేసి డైరెక్షన్ ని డౌన్ చేస్తే వచ్చేది ఆ ఉలి పనే. చేతిరాత పుస్తకాల్లో మొదటి అక్షరానికి బంగారు రేకు అద్దారు. 19వ శతాబ్దంలో చెక్క అచ్చులు చేసేవాళ్లు ఒకే అక్షరాన్ని రెండు మూడు దిమ్మలుగా కోసి, ఒక్కో రంగుతో ఒకదాని మీద ఒకటి అచ్చేసేవాళ్లు, అమెరికాలో విలియం పేజ్ కంపెనీ 1874లో వేసిన నమూనాలు చూస్తే ఇవాళ్టి గ్రేడియంట్ స్ట్రోక్ వాళ్లు సిగ్గుపడాలి. ఆ దిమ్మలు లేయర్లే కదా. కాబట్టి అలంకారం చౌకబారు అనేవాళ్లతో నేను ఏకీభవించను, చౌకబారుతనం వచ్చేది ఆ అక్షరం దేంతో చేసిందో తేల్చుకోకుండా మెరుపు పూసినప్పుడు.

బంగారం తీసుకోండి, అందరూ అడిగేది అదే. పసుపు గ్రేడియంట్ పెట్టి పైన తెల్ల మెరుపు గీస్తే వచ్చేది ప్లాస్టిక్, బంగారం రాదు. కారణం భౌతిక శాస్త్రంలో ఉంది. ప్లాస్టిక్ మీద మెరుపు దీపం రంగులో ఉంటుంది, అంటే తెల్ల దీపానికి తెల్ల చుక్క. లోహం అలా కాదు, అది వెనక్కి కొట్టే వెలుగుకి తన రంగు పులుముతుంది, అందుకే బంగారం మీద మెరుపు కూడా లేత పసుపే, మరీ తీవ్రమైన చోట నడిబొడ్డున మాత్రమే తెలుపు. రెండోది, లోహానికి సొంతంగా చూపించే రంగు తక్కువ, చుట్టూ ఉన్నదాన్నే చూపిస్తుంది. చుట్టూ చీకటి గది, ఒక కిటికీ ఉంటే బంగారంలో ముదురు గోధుమ పక్కనే ఒక్కసారిగా లేత పసుపు వస్తుంది, మెల్లగా కరిగే గ్రేడియంట్ గా రాదు. అందుకే గ్రేడియంట్ లో ముదురు గోధుమ, నారింజ పసుపు, లేత మీగడ రంగు, మళ్లీ గోధుమ ఇలా పెట్టి, మధ్యలో ఒకటి రెండు చోట్ల రెండు స్టాపులని (రంగు మారే గుర్తులని) దాదాపు ఆనించి పెట్టాలి, ఆ పదునైన గీతే లోహాన్ని లోహం చేస్తుంది. బెవెల్ లో గ్లాస్ (Gloss) కాంటూర్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది, దాన్ని తిన్నటి గీతగా వదలకుండా రెండు మూడు అలలుగా వంచితే వాలు మీద వెలుగూ చీకటీ మళ్లీ మళ్లీ వస్తాయి, క్రోమ్ కి అదే కిటుకు, రింగ్ అనే కాంటూర్ తో మొదలుపెట్టండి. చివర్లో కాస్త నాయిస్ కలపండి, 8 బిట్ లో ఒక్కో ఛానెల్ కి 256 మెట్లే ఉంటాయి కాబట్టి పెద్ద అక్షరంలో గ్రేడియంట్ చారలు చారలుగా కనపడుతుంది, నాయిస్ దాన్ని చెదరగొడుతుంది.

నియాన్ ఇంకా సరదా. నియాన్ వాయువు 1898లో దొరికింది, 1910లో పారిస్ లో జార్జ్ క్లాడ్ దాంతో దీపాలు వెలిగించి చూపించాడు, దాని అసలు వెలుగు ఎర్ర నారింజ, నీలం కావాలంటే ఆర్గాన్ లో పాదరసం కలుపుతారు. ఇప్పుడు చాలా నియాన్ ఎఫెక్ట్స్ ఎందుకు తేలిపోతాయంటే అక్షరం నిండా గులాబీ రంగు నింపి చుట్టూ గులాబీ గ్లో పెడతారు. వెలుగుతున్న గొట్టాన్ని కెమెరా చూస్తే మధ్యభాగం కాలిపోయి దాదాపు తెల్లగా వస్తుంది, రంగు బయట హాలోలో కనిపిస్తుంది. కాబట్టి అక్షరం దాదాపు తెలుపు, దాని వెనక అదే ఆకారం రంగులో మూడుసార్లు, ఒకటి 4 పిక్సెల్స్ బ్లర్, ఒకటి 14, ఒకటి 50, అన్నీ స్క్రీన్ లోనో లీనియర్ డాడ్జ్ లోనో. వెలుగు వెలుగుకి కూడుతుంది, అందుకే కూడే మోడ్ కావాలి, నార్మల్ లో పెడితే సున్నం పూసినట్టు ఉంటుంది. గొట్టం మందం అంతటా ఒకటే కాబట్టి లావు సన్నం మారే ఫాంట్ నియాన్ కి పనికిరాదు, ఒకే మందం, గుండ్రటి చివర్లు ఉన్నది తీసుకోండి. వెనక గోడకి కూడా ఆ రంగు కాస్త పులమాలి, లేకపోతే దీపం గాల్లో వేలాడుతుంది. ఇంకో సంగతి, ఎరుపు గ్లో పచ్చటి నేపథ్యం మీదకి మసకగా కరిగేచోట మురికిగా నల్లబడితే అది మీ తప్పు కాదు, ఫోటోషాప్ మామూలుగా రంగులని గామా లెక్కలో, అంటే అసలు వెలుగు మోతాదులతో కాకుండా స్క్రీన్ కోసం వంచిన విలువలతో కలుపుతుంది. కలర్ సెట్టింగ్స్ లో ఆర్‌జీబీ ని గామా 1.00 తో కలపమనే ఆప్షన్ ఉంది, గింప్ లో అయితే 2018లో వచ్చిన 2.10 నుంచే లీనియర్ లైట్ లో కలిపే సదుపాయం ఉంది. తేడా చూస్తే ఆశ్చర్యపోతారు.

గోడ మీద పెయింట్ తో రాసినట్టు చెయ్యాలంటే చాలామంది మాస్క్ లో గ్రంజ్ బ్రష్ తో (మరకల్లా పడే బ్రష్) కొట్టుకుంటారు. అంత అవసరం లేదు. లేయర్ స్టైల్ లో మొదటి పేజీలో అడుగున బ్లెండ్ ఇఫ్ ఉంటుంది, అండర్‌లైయింగ్ లేయర్ స్లైడర్ లో నల్ల ముల్లుని కాస్త లోపలికి జరిపితే గోడలో ముదురుగా ఉన్న పగుళ్లన్నీ అక్షరంలోంచి బయటికి వస్తాయి, ఆల్ట్ పట్టుకుని లాగితే ఆ ముల్లు రెండుగా చీలి మెత్తగా కరుగుతుంది. తర్వాత గోడ ఎగుడుదిగుళ్లకి అక్షరం వంగాలంటే డిస్‌ప్లేస్ ఫిల్టర్. గోడ ఫోటోని నలుపు తెలుపు చేసి, కొద్దిగా బ్లర్ చేసి, పీఎస్‌డీ గా సేవ్ చేసి మ్యాప్ గా ఇస్తారు, 50 శాతం బూడిద దగ్గర పిక్సెల్ కదలదు, అంతకంటే తెలుపయితే ఒకవైపు, నలుపయితే రెండోవైపు జరుగుతుంది. మళ్లీ చూడండి, ఇక్కడా బూడిద బొమ్మే ఎత్తుల మ్యాప్. బెవెల్ చేత్తో చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తెలుగు అక్షరాలు. దీని మీద పాఠాలు చాలా తక్కువ, ఉన్నవన్నీ రోమన్ అక్షరాలతో చేసినవి, అవే నంబర్లు మన అక్షరాల మీద పెడితే కుదరదు. మొట్టమొదటి గొడవ టైప్ చేయగానే వత్తులు విడిపోయి గుణింతాలు చెదిరి కనిపించడం, చాలామంది అక్కడే ఆగిపోయి తెలుగుకి ఫోటోషాప్ పనికిరాదు అనేస్తారు. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్ లో టైప్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుని ప్రోగ్రాం మూసి తెరవాలి, ఆ తర్వాత వచ్చిన వాటిలో వరల్డ్ రెడీ అనే పేరుతో ఉంటుంది, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో కూడా చూడండి. గింప్ లో, ఇంక్‌స్కేప్ లో అయితే హార్ఫ్‌బజ్ (వత్తులూ గుణింతాలూ సరిగ్గా పేర్చే ఇంజిన్) ఉంటుంది కాబట్టి యూనికోడ్ తెలుగు మామూలుగానే సరిగ్గా కూర్చుంటుంది. ఫాంట్లకి కూడా కరువు లేదు. రామభద్ర, ధూర్జటి, రవిప్రకాశ్, లక్కిరెడ్డి, సురన్న, మల్లన్న, పెద్దన, గిడుగు ఇవన్నీ గూగుల్ ఫాంట్స్ లో ఉచితంగా దొరుకుతాయి, ఓపెన్ లైసెన్స్ తో. లావుగా బలంగా కావాలంటే బెవెల్ కీ బంగారానికీ రామభద్ర నా మొదటి ఎంపిక, చేతిరాత పోకడ కావాలంటే లక్కిరెడ్డి.

మన అక్షరం గుండ్రన. రోమన్ లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి బెవెల్ వేస్తే ఒక వైపు మొత్తం తెలుపు, ఒక వైపు మొత్తం నలుపు, చెక్క పలకల్లా వస్తుంది. తెలుగు అక్షరంలో అంచు దిక్కు అడుగడుగునా మారుతుంది, దానితో వెలుగు కూడా అంచు వెంబడి మెల్లగా పెరిగి తగ్గి మళ్లీ పెరుగుతుంది, అందుకే లోహం, గాజు, నీటి బొట్టు లాంటి ఎఫెక్ట్స్ మన లిపి మీద ఎంత బాగుంటాయంటే ఉత్త "అ" ఒక్కటి పెద్దగా పెట్టి క్రోమ్ చేసి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. చిజిల్ హార్డ్ మాత్రం జాగ్రత్త, గుండ్రటి వంపుల్లో మధ్య గీత ముక్కలు ముక్కలుగా వస్తుంది, స్మూత్ తోనే బాగుంటుంది.

అదే గుండ్రదనం ఇంకోవైపు ప్రమాదం కూడా. ద కీ ధ కీ తేడా ఎంత, అడుగున చిన్న గుర్తు. ప కీ ఫ కీ, చ కీ ఛ కీ తేడా ఎంత, ఒక చిన్న గీత. బయటికి 6 పిక్సెల్స్ స్ట్రోక్ వేసి, లోపల బెవెల్ వేసి, పైన గ్లో పెడితే మొదట పోయేది ఆ గుర్తే. తలకట్టుకీ అక్షరానికీ మధ్య సందు మూసుకుపోతుంది, ఇ గుడి ఏదో ఈ గుడి ఏదో తెలియదు. రోమన్ లో ఏ అక్షరం కాస్త పూడుకుపోయినా ఊహించి చదివేస్తాం, ఇక్కడ మాట మారిపోతుంది. అందుకే నేను ఎఫెక్ట్ సైజు నిర్ణయించేది అక్షరం ఎత్తుని బట్టి కాదు, ఆ మాటలో ఉన్న అన్నిటికంటే సన్నటి సందుని బట్టి. బాగా జూమ్ చేసి ఆ సందు ఎన్ని పిక్సెల్స్ ఉందో కొలవండి, బయటి స్ట్రోక్ దానిలో నాలుగో వంతు దాటకూడదు, ఎందుకంటే రెండు వైపుల నుంచీ వచ్చి సగం తినేస్తుంది. కావాలంటే స్ట్రోక్ ని అక్షరానికి కాకుండా, మొత్తం మాటని నింపిన ఒక వెనక ఆకారానికి పెట్టండి, సెలక్షన్ ని గ్రో చేసి ఖాళీలు పూడ్చి వెనక ముదురు రంగు పెడితే బలమైన అవుట్‌లైన్ వస్తుంది, అక్షరం లోపలి సందులు అలాగే తెరుచుకుని ఉంటాయి.

ట్రాకింగ్ కూడా చూసుకోవాలి, బెవెల్, స్ట్రోక్ జాగా తింటాయి కాబట్టి అక్షరాల మధ్య ఎడం పెంచాలి, కానీ కొన్ని ఫాంట్లలో వత్తు విడి గ్లిఫ్ గా (విడి ఆకారంగా) ఉంటుంది, ఎడం పెంచితే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కింటికి పోతుంది. అలా జరిగితే అక్షరాలని షేప్ గా మార్చి చేత్తో జరుపుకోవడమే, రెండు మూడు మాటల టైటిల్ కి అదేం పెద్ద పని కాదు. రెండు లైన్లుంటే పై లైను వత్తుల నీడ కింద లైను గుడుల మీద పడుతుంది, లైన్ల మధ్య దూరం ఎఫెక్ట్ పెట్టకముందు ఎంత చాలిందో పెట్టాక అది చాలదు. ఇవన్నీ ఏ ట్యుటోరియల్ లోనూ ఉండవు, మనమే చేసి రాసుకోవాలి, రాసి పంచుకోవాలి.

ఇంతా చెప్తే, ఏఐ కి ఒక వాక్యం రాస్తే బంగారు అక్షరాలు అదే ఇస్తుంది కదా అనేవాళ్లుంటారు. ఇస్తుంది, రోమన్ లో బాగానే ఇస్తుంది. తెలుగు మాట అడిగినప్పుడు తలకట్టు ఉండాల్సిన చోట ఇంకేదో, వత్తు స్థానంలో ఎక్కడా లేని గుర్తేదో వచ్చిన బొమ్మలు నేను చాలా చూశాను. అయినా అక్షరం తప్పు లేకుండా వచ్చిందనుకోండి, రేపు ఆ టైటిల్ లో ఒక మాట మార్చమంటే? లేయర్లలో కట్టుకున్న ఫైల్ లో మాట మారిస్తే సరిపోతుంది, ఎఫెక్ట్ అంతా కొత్త మాటకి అతుక్కుంటుంది. నాకు బాగా నచ్చిన దారి ఏంటంటే లోహం పలకో, నిప్పో, రాయో టెక్స్చర్ ఎక్కడినుంచైనా తెచ్చుకోండి, ఏఐ తో చేయించుకోండి, ఆకారం మాత్రం ఫాంట్ నుంచే రావాలి, టెక్స్చర్ ని క్లిప్పింగ్ మాస్క్ తో దాని లోపల పెట్టండి, వెలుగు మీరు వెయ్యండి. ఫోటోషాప్ కొనలేకపోతే కూడా ఆగక్కర్లేదు, ఫోటోపియా బ్రౌజర్ లోనే తెరుచుకుంటుంది, లేయర్ స్టైల్స్ దాదాపు అవే ఉన్నాయి, క్రిటా లో ఉన్నాయి, గింప్ 2025లో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లని లేయర్ మీద చెరిగిపోకుండా ఉంచుతోంది, తర్వాత మళ్లీ తెరిచి నంబర్లు మార్చుకోవచ్చు, ఇన్నేళ్లూ గింప్ వాళ్లు ఎదురుచూసింది దీనికోసమే.

పని అయ్యాక నేను చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి. బొమ్మని మొత్తం నలుపు తెలుపు చేసి చూస్తాను, రంగు పోతే అక్షరం కూడా పోతోందంటే ఎఫెక్ట్ రంగు మీద బతుకుతోంది, వెలుగు తేడా మీద కాదు. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో మామూలు అక్షరానికి నేపథ్యంతో 4.5 కి 1, పెద్ద అక్షరానికి 3 కి 1 కాంట్రాస్ట్ ఉండాలని ఉంది, గ్రేడియంట్ నింపిన అక్షరంలో ఆ లెక్క అన్నిటికంటే వెలిసిన చోట తియ్యాలి, బాగున్న చోట కాదు. తర్వాత బొమ్మని వేలిగోరంత చిన్నది చేస్తాను, ఫోన్ లో జనం చూసేది ఆ సైజే. అక్కడ చదవలేకపోతే గ్లో తగ్గిస్తాను, నీడ తగ్గిస్తాను, ఇంకా చదవలేకపోతే ఫాంట్ మారుస్తాను. బొమ్మ సైజు తగ్గించేటప్పుడు ఇమేజ్ సైజ్ డైలాగ్ లో గేరు గుర్తు కింద స్కేల్ స్టైల్స్ టిక్కు ఉందో లేదో చూడండి, లేకపోతే మొదట్లో చెప్పుకున్న పిక్సెల్స్ చిక్కే మళ్లీ వస్తుంది. సేవ్ చేసేది పీఎన్‌జీ లో చెయ్యండి. జేపెగ్ పదునైన అంచుల చుట్టూ దుమ్ము లాంటి చుక్కలు పెడుతుంది, పైగా మామూలు సెట్టింగ్ లో రంగు సమాచారాన్ని సగం రెజల్యూషన్ కి దించేస్తుంది కాబట్టి నల్ల నేపథ్యం మీద ఎర్ర అక్షరం అంచులు అరిగిపోయినట్టు వస్తాయి, జేపెగ్ తప్పనిసరి అయితే క్వాలిటీ బాగా పైన పెట్టండి. వెబ్ లో పెడుతుంటే ఆల్ట్ టెక్స్ట్ లో ఆ మాట రాయండి, బొమ్మగా మారిన అక్షరాన్ని స్క్రీన్ రీడర్ చదవలేదు. అసలు ఫైల్ లేయర్లతో సహా విడిగా దాచుకోండి, టెక్స్ట్ లేయర్ ని రాస్టరైజ్ చెయ్యకుండా, అంటే ఉత్త పిక్సెల్స్ గా మార్చెయ్యకుండా.